పర్వత్ పాటియాలో పడవ ఇంజన్ల మెకానిక్

సూరత్‌కు సముద్రం దగ్గరే. పర్వత్ పాటియాకు మాత్రం కాదు. డుమస్ బీచ్ నగరానికి ఒక కొసన ఉంటే ఇది ఇంకో కొసన, తూర్పు వైపు, బార్డోలీకి పోయే దారి పక్కన ఉంది. తాపీ నది కూడా ఇక్కణ్ణుంచి కంటికి ఆనదు. కనిపించేవన్నీ చీరల బేళ్లు మోసే టెంపోలు, ఎంబ్రాయిడరీ షెడ్లు, గోదాములు, కాలువ రోడ్డు మీద బీఆర్‌టీఎస్ బస్సులు. ఇలాంటి చోట పడవ ఇంజన్లు బాగుచేసే మెకానిక్ ఉన్నాడని, పైగా మన తెలుగాయనేనని మా బావ ఫోన్లో చెప్తే ఎగతాళి చేస్తున్నాడనుకున్నాను. బావ లింబాయత్‌లో ఏళ్ల తరబడి సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపిన మనిషి. "నవ్వుతున్నవా? వానాకాలంల వచ్చి చూడు, మా వాడకట్టుల పడవలెట్ల తిరుగుతయో" అన్నాడు. వానాకాలం దాకా ఆగకుండా మే చివర్లోనే వెళ్లాను. ఆ మెకానిక్‌కు పడవల పని ఉండేది అప్పుడే.

సూరత్ వరద అనగానే అందరికీ 2006 ఆగస్టు గుర్తొస్తుంది. ఉకాయ్ డ్యామ్ నుంచి 9 లక్షల క్యూసెక్కుల దాకా నీళ్లు వదలడంతో నగరంలో ముప్పాతిక భాగం మునిగింది. అది తాపీ తెచ్చిన వరద. పర్వత్ పాటియా వాళ్లను ఏటా కలవరపెట్టేది వేరే. నగరానికి తూర్పున, దక్షిణాన మీఠీ ఖాడీ, భేద్వాడ్ ఖాడీ లాంటి వాగులున్నాయి. ఎగువ తాలూకాల్లో గట్టి వాన పడితే ఇవి పొంగి సందుల్లోకి వస్తాయి. సముద్రం పోటు మీద ఉంటే నీళ్లు దిగువకు పోవడం ఇంకా ఆలస్యం. ఇలాంటి వరదను గుజరాతీలో 'ఖాడీ పూర్' అంటారు. 2024 జులైలో, 2025 జూన్‌లో ఈ చుట్టుపక్కల కాలనీల్లోకి నీళ్లొచ్చినప్పుడు ఫైర్ బ్రిగేడ్ వాళ్లు జనాన్ని పడవల మీద బయటికి తెచ్చారు. నది కనిపించని పేటలో పడవ ఇంజన్లకు గిరాకీ ఎందుకో అప్పుడు అర్థమైంది.

తెలుగువాళ్లు ఇక్కడ ఎందుకున్నారో చెప్పాలంటే అదే ఒక వ్యాసమవుతుంది. కరీంనగర్, వరంగల్, నల్లగొండల నుంచి పద్మశాలీలు సోలాపూర్, భివండీ, సూరత్‌లకు బతుకుదెరువుకు వచ్చారు. సూరత్ మునిసిపాలిటీ బడుల్లో తెలుగు మీడియం కూడా ఉందంటే ఎంతమంది వచ్చి ఉంటారో ఊహించుకోవచ్చు. మన మెకానిక్ తాత అలా వచ్చినవాడే. తండ్రి సాంచెల మీద పనిచేశాడు. ఈయనకు ఆ చప్పుడు పడలేదు. చిన్నతనంలోనే మగదల్లా వైపు చేపల పడవలు బాగుచేసే ఒక ఉస్తాద్ దగ్గర చేరాడు. ఇప్పుడు యాభై దాటింది. మాట తెలుగులో మొదలై హిందీలోకి జారుతుంది, పానా చేజారితే గుజరాతీలో ఒక తిట్టు పడుతుంది, మళ్లీ తెలుగు.

షెడ్డు ఒక గోదాము వెనక సందులో ఉంది. బోర్డు మీద 'జనరేటర్, వాటర్ పంపు రిపేర్' అని గుజరాతీలో రాసి ఉంది, పడవ ఊసే లేదు. ఏడాదిలో ఎక్కువ కాలం ఆయనకు తిండి పెట్టేవి జనరేటర్లు, అపార్ట్‌మెంట్ సెల్లార్లలో నీళ్లు తోడే పెట్రోల్ పంపులు. పడవ ఇంజన్లు ఎండాకాలంలో వస్తాయి. సేవా సంఘాలు కొనిపెట్టుకున్నవి, సొసైటీల వాళ్లు చందాలేసుకుని తెచ్చుకున్నవి, చెరువుల్లో బోటింగ్ నడిపే కాంట్రాక్టర్లవి.

నేను వెళ్లేసరికి 25 హార్స్‌పవర్ టూ స్ట్రోక్ ఇంజన్ ఒకటి ఇనుప స్టాండుకు బిగించి ఉంది. ఈ రకం ఇంజన్‌ను పడవ వెనక పలకకు బయటివైపు తగిలిస్తారు. పైన ఇంజన్, కింద పొడుగాటి కాలు, కాలి చివర ఫ్యాను. ఆ కాలు నీళ్ల డ్రమ్ములో మునిగి ఉంది. నీళ్లు లేకుండా దీన్ని తిప్పకూడదు. తాను తేలే నీటినే లోపలికి లాక్కుని తనను తాను చల్లబరుచుకుంటుంది. పొడిగా తిప్పితే నీళ్లు లాగే రబ్బరు ఇంపెల్లర్ నిమిషాల్లో కాలిపోతుంది. షెడ్డులో పనిచేసే కుర్రాడు తాడు లాగాడు. మళ్లీ లాగాడు. ఇంజన్ ఒక దగ్గు దగ్గి ఊరుకుంది.

"నిరుడు వానలు వెళ్లిపోయినంక అట్లనే మూలకు పెట్టిండ్రు. పెట్రోల్ తియ్యలే" అన్నాడు మెకానిక్. రోగ నిర్ణయం అయిపోయింది. నా వైపు తిరిగి, "ఇంజన్ ఖరాబైందని తెస్తరు సారూ. పదింట్ల ఎనిమిదిట్ల ఇంజన్‌కు ఏం కాదు. ట్యాంకు మూతకాడికెల్లి కార్బొరేటర్ దాక ఉంటది చూడు, ఆ ఆరడుగుల తొవ్వలనే ఉంటది లొల్లంత" అన్నాడు. టీ వచ్చాక 'సారూ' పోయి 'తమ్మీ' అయింది. ఆ తర్వాత గంటల తరబడి ఆ ఆరడుగుల దారే చూపించాడు.

దారి ట్యాంకు దగ్గర మొదలవుతుంది. చిన్న పడవల్లో ట్యాంకు విడిగా ఉంటుంది, చేత్తో మోసుకెళ్లే ఎర్రటి డబ్బా, సాధారణంగా 12 లేదా 24 లీటర్లది. దాని మూత మీద ఒక చిన్న స్క్రూ ఉంటుంది. మా వాళ్లెవరికి చూపించినా దాన్ని అలంకారం అనుకుంటారు. అది గాలి రంధ్రం. ఇంజన్ పెట్రోలు లాక్కుంటున్న కొద్దీ ట్యాంకులో ఆ మేరకు గాలి చేరాలి. స్క్రూ బిగించి ఉంటే గాలి రాదు, కొంతసేపటికి లోపల వెలితి ఏర్పడుతుంది, పెట్రోలు కదలదు. ఇందులో మోసం ఏమిటంటే ఇంజన్ వెంటనే ఆగదు. హాయిగా స్టార్టవుతుంది, ఒడ్డు విడుస్తుంది, కొన్ని నిమిషాలు నడుస్తుంది, నడి ప్రవాహంలో ఆగుతుంది. కిందికి చూస్తే ట్యాంకు పక్కలు లోపలికి లాక్కుపోయి ఉంటాయి. పడవ నడిపేటప్పుడు ఆ స్క్రూ తెరవాలి, ట్యాంకు మోసేటప్పుడు, దాచేటప్పుడు మూయాలి. తెరిచి దాస్తే ఆవిరి గదంతా నిండుతుంది, చెమ్మ ట్యాంకులోకి వెళుతుంది. ఒక ప్లాస్టిక్ స్క్రూ మీద ఇంత భారం పెట్టిన ఇంజనీర్లను ఏమనాలో నాకు తెలియలేదు గానీ, ఆయన దానికి ఎర్ర రంగు పూసి సరిపెట్టాడు.

ట్యాంకు నుంచి రబ్బరు పైపు, పైపు మధ్యలో బీపీ చూసే మిషనుకు ఉండే బుడ్డి లాంటిది ఒకటి. దీన్ని అందరూ 'బల్బు' అనే అంటారు. దాని రెండు చివర్లలో ఒకే వైపుకు తెరుచుకునే కవాటాలుంటాయి. పిసికితే పెట్రోలు ఇంజన్ వైపు పోతుంది, వదిలితే ట్యాంకు నుంచి నిండుతుంది. దాని మీద బాణం గుర్తు ఉంటుంది. బాణం ఎప్పుడూ ఇంజన్ వైపే చూడాలి. పైపు మార్చినప్పుడు తిరగేసి బిగిస్తే ఎంత పిసికినా చుక్క రాదు. అలా బిగించి, కార్బొరేటర్ విప్పి ముక్కలు చేసి, సంచిలో వేసుకుని వచ్చినవాళ్లున్నారట.

బల్బు పిసకడానికీ పద్ధతుంది. బాణం పైకి ఉండేలా నిలువుగా పట్టుకోవాలి, అప్పుడు లోపలి కవాటాలు సరిగ్గా కూర్చుంటాయి. గట్టిపడేదాకా పిసికి ఆపాలి. కార్బొరేటర్ తొట్టి నిండిందనడానికి అదే గుర్తు. "గట్టిపడ్డంక గూడ పిసికితె పెట్రోల్ పొర్లుతది. ఇంజన్ నడిచేటప్పుడు పిసకద్దు" అన్నాడు. ఆ బల్బు పట్టుకునే ఆయన సగం రోగాలు చెప్పేస్తాడు. ఎంత పిసికినా మెత్తగానే ఉంటే ఎక్కడో గాలి పీలుస్తోంది, లేదా బల్బు కవాటం పోయింది, లేదా కార్బొరేటర్‌లో నీడిల్ కూర్చోక పెట్రోలు పొర్లిపోతోంది. ఇంజన్ నడుస్తుండగా బల్బు చప్పిడి అయిపోతే అడ్డం ట్యాంకు వైపు ఉంది: గాలి స్క్రూ మూసి ఉండొచ్చు, ట్యాంకు అడుగున జల్లెడకు కచరా పట్టి ఉండొచ్చు. పిసుకుతున్నంతసేపూ నడిచి, ఆపగానే ఆగిపోతే ఇంజన్ మీది పెట్రోల్ పంపు బలహీనపడింది, లేదా పైపులో గాలి చొరబడుతోంది. వరదలో అలా చిక్కుకున్నప్పుడు మాత్రం ఒకరు బల్బు పిసుకుతూ ఒకరు పడవ నడుపుతూ ఒడ్డుకు చేరొచ్చు. ఇది ఏ మాన్యువల్‌లో ఉన్నా లేకపోయినా ఆయన ప్రతి గిరాకీకీ నేర్పుతాడు. నాకిది ఆ షెడ్డులో దొరికిన అన్నిటికన్నా పనికొచ్చే మాట.

బల్బు దాటాక ఫిల్టర్. పారదర్శకమైన చిన్న కప్పు, అడుగున నీళ్లు చేరితే కనిపిస్తుంది. కొన్నింటిలో ఎర్రటి వలయం ఒకటి నీటి మీద తేలి హెచ్చరిస్తుంది. తర్వాత పంపు. టూ స్ట్రోక్ ఇంజన్లో దీనికి కరెంటూ లేదు, గేరూ లేదు. పిస్టన్ కిందా మీదా ఆడుతుంటే క్రాంక్ కేసులో ఒత్తిడి పెరిగి తగ్గుతుంది. ఆ ఊపుకు ఒక పలచటి పొర కొట్టుకుంటూ పెట్రోలును ముందుకు తోస్తుంది. పొర బిగుసుకుపోతే పంపు చచ్చినట్టే. అక్కణ్ణుంచి కార్బొరేటర్. లోపల చిన్న తొట్టి, తొట్టిలో తేలే ఫ్లోటు, ఫ్లోటు పైకి లేస్తే దారి మూసే నీడిల్. తొట్టి నుంచి పెట్రోలు జెట్ల గుండా గాలిలో కలుస్తుంది. ఇంజన్ మెల్లగా తిరిగేటప్పుడు పనిచేసే జెట్ రంధ్రం వెంట్రుక దూరేంత సన్నం. ఎండిపోయిన పెట్రోలు వదిలే జిగురు ముందు పట్టేది అక్కడే.

డ్రమ్ములో ఉన్న ఇంజన్‌కు అయింది సరిగ్గా అదే. కుర్రాడు తొట్టి విప్పి చూపించాడు. అడుగున బెల్లం పాకం రంగులో జిగట. కాచిన వార్నిష్ వాసన. ఆ కుర్రాడు ఒడిశా వాడు, గంజాం. నేను తెలుగువాణ్నని విని "బరంపురం" అని నవ్వాడు. కార్బొరేటర్ కడిగే స్ప్రే కొట్టి, గాలి పట్టి, జెట్‌ను వెలుతురుకు అడ్డంగా ఎత్తి చూశాడు. తీగ పెట్టి పొడవనివ్వడు ఆయన. రంధ్రం కొలత మారితే ఆ జెట్ ఇక పనికిరాదు. కొత్త ఫోర్ స్ట్రోక్ ఇంజన్లలో చాలావాటికి కార్బొరేటర్ ఉండదు, ఇంజెక్టర్లుంటాయి. వాటిలో అధిక ఒత్తిడితో పెట్రోలు నిలిచి ఉంటుంది కాబట్టి పైపులు ఎవరు పడితే వాళ్లు విప్పకూడదు. అవి ఆయన కంపెనీ సర్వీసుకే పంపేస్తాడు.

ఇలాంటి చిన్న టూ స్ట్రోక్ ఇంజన్లలో చాలావాటికి విడిగా ఆయిల్ తొట్టి ఉండదు, పెట్రోల్లోనే ఆయిల్ కలపాలి. మామూలు లెక్క 50కి 1, అంటే లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్లు. కొత్త ఇంజన్ ఒదిగేదాకా కంపెనీ చెప్పినంత కాలం 25కి 1. ఎంత కలపాలన్నది ఇంజన్ మాన్యువల్ చెప్పిందే ప్రమాణం. ఆయిల్ కూడా పడవలదే కావాలి, డబ్బా మీద టీసీ-డబ్ల్యూ3 అని ఉంటుంది. పాత స్కూటర్ల ఆయిల్ గాలితో చల్లబడే ఇంజన్లకు చేసింది, అందులో బూడిద మిగిల్చే దినుసులుంటాయి, నీళ్లతో చల్లబడే ఇంజన్లో ప్లగ్గుకు మసి పడుతుంది. "నూనె ఎక్కువేస్తె మంచిదే గద అనుకుంటరు. ఎక్కువైతె పొగ, తక్కువైతె పిస్టన్ పట్టేస్తది" అన్నాడు. ఇంకో సంగతి, ఈ టూ స్ట్రోక్ ఇంజన్లు పీల్చిన పెట్రోలులో నాలుగో వంతు దాకా కాలకుండానే బయటికి వదులుతాయి. వరద నీటి మీద రంగుల పొర కనిపించడానికి ఇదీ ఒక కారణం. అవే నీళ్లలో జనం నడుములోతున నడుస్తుంటారు.

అన్నం తిన్నాక ఒక గాజు కొలజాడీ తెచ్చాడు. అందులో 20 మిల్లీలీటర్ల నీళ్లు పోసి, పైన 80 మిల్లీలీటర్ల బంకు పెట్రోలు పోసి, మూత పెట్టి ఊపి పక్కన పెట్టాడు. కాసేపటికి పెట్రోలు పైకి, నీళ్లు కిందికి తేరాయి. గీత చూడమన్నాడు. కింది పొర 20 దగ్గర ఆగలేదు, 35 దాటింది. నీళ్లు పెరగలేదు. పెట్రోల్లో ఉన్న ఇథనాల్ పెట్రోలును వదిలేసి నీళ్లతో కలిసింది.

మన దేశంలో ఇప్పుడు బంకుల్లో పోసే పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. 2025కు దేశమంతటా ఆ స్థాయికి చేరాం. చాలా పడవ ఇంజన్ల కంపెనీలు తమ మాన్యువళ్లలో 10 శాతం వరకే ఒప్పుకుంటాయి. కారులో పెట్రోలు రోజూ ఖర్చవుతుంది, మూసిన ట్యాంకులో ఉంటుంది. పడవ ట్యాంకు అలా కాదు. నీళ్ల మధ్యే ఉంటుంది, నెలల తరబడి కదలదు, వానాకాలపు చెమ్మ గాలి రంధ్రం గుండా లోపలికి వస్తుంది. ఇథనాల్ చెమ్మను పీల్చుకుంటుంది. కొంత వరకు భరిస్తుంది, హద్దు దాటాక నీళ్లను వెంటబెట్టుకుని అడుగుకు దిగుతుంది. పెట్రోలు లాగే గొట్టం ఉండేదీ ట్యాంకు అడుగునే. అంటే ఇంజన్‌కు మొదట అందేది ఆ నీళ్లూ ఇథనాలే. పైన మిగిలిన పెట్రోలుకు ఆక్టేన్ తగ్గిపోతుంది. దీనికన్నా పెద్ద ప్రమాదం ఇంకొకటి ఉంది. టూ స్ట్రోక్ ఆయిల్ పై పొరలోని పెట్రోలుతోనే ఉండిపోతుంది, కింది పొరలో అది కలవదు. ఆ కింది పొరతో ఒకవేళ ఇంజన్ తిరిగినా, నూనె లేకుండా తిరుగుతుంది. జాడీ ఎత్తి ఇది చెప్పేటప్పుడు ఆయన గొంతులో మెకానిక్ పోయి పంతులు వచ్చాడు.

ఇథనాల్ పాత రబ్బరు పైపుల్ని కూడా తినేస్తుంది. లోపలి పొర లేచి రేకులుగా ఊడి, ఫిల్టర్‌లో నల్లటి పొట్టులా చేరుతుంది. బయటికి పైపు నున్నగానే కనిపిస్తుంది. అందుకని ఆయన పాత పైపును ఎన్నడూ కడిగి వాడడు, కోసి పారేస్తాడు. ఎందుకు కోయడమంటే, ఊరికే పారేస్తే ఎవరో ఒకరు ఏరుకుపోయి మళ్లీ బిగిస్తారట.

ఇంతవరకు ఇంజన్ ఆగకుండా చూసుకోవడం. మనిషి కాలకుండా చూసుకోవడం వేరు. ఈ విషయంలో ఆయన షెడ్డులో నవ్వులాట ఉండదు. పెట్రోలు విప్పే మూలన స్విచ్చుల్లేవు, సెల్ ఛార్జర్ లేదు. మా బావ బీడీ తీస్తే నోటమాట లేకుండా సందు చివర వేపచెట్టు చూపించాడు. పెట్రోలు మైనస్ 40 డిగ్రీల చలిలో కూడా అంటుకునేంత ఆవిరి వదులుతుంది. సూరత్ మే నెల ఎండలో చెప్పేదేముంది. ఆ ఆవిరి గాలి కన్నా మూడు నాలుగు రెట్లు బరువు. పైకి ఎగిరిపోదు, పడవ అడుగుకు దిగి కూర్చుంటుంది. గాలిలో నూటికి ఒకటిన్నర నుంచి ఏడున్నర పాళ్ల మధ్య ఆవిరి ఉంటే నిప్పురవ్వ చాలు. ట్యాంకు నిండా పెట్రోలుంటే భయం, ఖాళీ ట్యాంకంటే ధీమా మనకు. నిజానికి ఖాళీ అనుకున్న ట్యాంకులోనే ఆవిరి, గాలి ఆ పాళ్లకు దగ్గరగా కలిసే వీలు ఎక్కువ. అలాంటి ట్యాంకుకు అతుకు వేయించడానికి వెల్డింగ్ షాపుకు తీసుకెళ్లేవాళ్లుంటారు. ఆయన దగ్గరికి అలాంటివి వస్తే బదులు కొత్త ట్యాంకు అమ్ముతాడు, లేదా వెనక్కి పంపుతాడు.

పెట్రోలు నింపేటప్పుడు ట్యాంకును పడవలోంచి దించాలి, నేల మీద పెట్టాలి. రబ్బరు పడవలోనో, టెంపో డాలాలో పరిచిన ప్లాస్టిక్ మీదో ఉంచి నింపితే పారే పెట్రోలు పుట్టించే స్థిరవిద్యుత్తు నేలకు పోదు. నాజిల్ ట్యాంకు మూతికి ఆనించే ఉంచాలి. ఇంజన్ ఆగి ఉండాలి, చల్లారి ఉండాలి. అంచుదాకా నింపకూడదు. నీడలో నింపిన 24 లీటర్ల ట్యాంకు ఎండలో 20 డిగ్రీలు వేడెక్కితే లోపల పెట్రోలు దాదాపు అరలీటరు ఉబ్బుతుంది. ఆ అరలీటరుకు చోటు లేకపోతే అది పడవలోకి వస్తుంది. పదోవంతు ఖాళీ ఉంచాలి. నింపాక మూత బిగించి, చింది ఉంటే తుడిచి, ఆ గుడ్డను పడవలో కాకుండా బయట ఆరేయాలి. తాడు లాగే ముందు ముక్కుతో పని చెప్పాలి: పెట్రోలు వాసన వస్తే లాగకూడదు. ఇంజన్ లోపలే ఉండే పెద్ద పెట్రోలు పడవల్లో అయితే స్టార్ట్ చేసే ముందు అడుగు భాగంలోని గాలిని ఫ్యానుతో కనీసం 4 నిమిషాలు బయటికి తోయాలి. మంటలార్పే పౌడరు సిలిండర్ నడిపేవాడి చేతికందేలా ఉండాలి, ట్యాంకు పక్కన కాదు. పెట్రోలు మంట మీద నీళ్లు పోస్తే మంట నీటి మీద తేలి పరుచుకుంటుంది.

ఇంట్లో పెట్రోలు దాచే విషయంలో మనకు 1934 నాటి పెట్రోలియం చట్టం ఉంది. అమ్మకానికి కాకుండా సొంతానికైతే 30 లీటర్ల వరకు లైసెన్సు అక్కర్లేదు. అదైనా గట్టి బిరడా ఉన్న పాత్రల్లో ఉండాలి. లోహపు డబ్బా 25 లీటర్లకు, గాజు సీసా ఒక లీటరుకు మించకూడదు. వరద సామగ్రి గదుల్లో నీళ్ల సీసాల నిండా పెట్రోలు పోసి వరసగా పెట్టడం చాలాచోట్ల చూస్తాం. దాహమేసి చీకట్లో ఎవరైనా ఎత్తి తాగినా ఆశ్చర్యం లేదు.

సాయంత్రం బావా నేనూ మీఠీ ఖాడీ గట్టు దాకా నడిచాం. అప్పటికి అందులో ఉన్నది మోకాలు తడవని నల్లటి నీళ్లు. ఇక్కడే నడుములోతు వస్తుందంటే నమ్మడం కష్టం. వరదలో పడవ నడిపిన కుర్రాళ్లు ఇద్దరు కలిశారు. నీళ్ల కింద మునిగిన బైకులు, కొట్టుకొచ్చిన చీరలు ఫ్యానుకు చుట్టుకోవడం గురించి చెప్పారు. నాకు పనికొచ్చింది వాళ్ల పెట్రోలు లెక్క. 25 హార్స్‌పవర్ టూ స్ట్రోక్ ఇంజన్ పూర్తి వేగంతో గంటకు 10 లీటర్ల చుట్టూ తాగుతుంది. 24 లీటర్ల ట్యాంకు రెండు గంటల పైచిలుకు వస్తుంది. కాగితం మీద అంతే. పడవల వాళ్లు దాన్ని మూడు భాగాలు చేసుకుంటారు: పోవడానికి ఒకటి, రావడానికి ఒకటి, ముట్టకుండా ఒకటి. ప్రవాహానికి ఎదురు పోవాల్సివస్తే, పడవలో మనుషులు నిండితే ఆ మూడో భాగమే ఇంటికి చేరుస్తుంది. నడి నీళ్లలో ట్యాంకులోకి పెట్రోలు వంపే పని పెట్టుకోరు, నింపిన రెండో ట్యాంకు తీసుకెళ్లి పైపు మారుస్తారు. నడిపేవాడి మణికట్టుకు ఎర్రతాడు ఉంటుంది. అతను పడవలోంచి పడితే తాడు ఊడి ఇంజన్ ఆగిపోతుంది. తాడు కట్టుకోని వాణ్ని ఇంజన్ ముట్టుకోనివ్వమని వాళ్లు చెప్తుంటే ముచ్చటేసింది.

మన ప్రాంతంలో ఈ లెక్కలు ఎవరికి కావాలని అనుకోవడానికి లేదు. 2023 జులైలో భూపాలపల్లి జిల్లా మోరంచపల్లిని వాగు ముంచెత్తింది, హెలికాప్టర్లు, పడవలు వస్తే గానీ జనం బయటపడలేదు. 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడలో సగం కాలనీల్ని నీళ్లలో నిలబెట్టింది. అదే రోజుల్లో ఖమ్మంలో మున్నేరు వంతెన మీద చిక్కుకున్నవాళ్లను చివరికి ఒక జేసీబీ డ్రైవరు కాపాడాడు. ఎన్డీఆర్ఎఫ్ పదో బెటాలియన్ విజయవాడ దగ్గరే ఉంది, ఆ సంగతి ధైర్యమిస్తుంది. అయితే వాళ్లు ఊరు చేరేదాకా ఆదుకోవాల్సింది ఊళ్లో ఉన్న పడవే. మన గోదావరి లాంచీలు, మర పడవలు డీజిల్‌వి. డీజిల్ పెట్రోలంత తేలిగ్గా అంటుకోదు, అది మనకు అలవాటైన ధీమా. అంటుకుంటే మాత్రం ఆగదు. 2023 నవంబరు 19 రాత్రి విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో నిప్పంటుకుని పక్కపక్కన కట్టిన బోట్లు నలభై దాకా కాలిపోయాయి. వేటకు సిద్ధం చేసిన ట్యాంకుల డీజిల్, వంట గ్యాసు సిలిండర్లు మంటను ఎగదోశాయి. డీజిల్‌కు అలవాటుపడిన చేతులకు వరదల వేళ హఠాత్తుగా పెట్రోలు ఇంజన్ ఇస్తే అదే ధీమా ప్రాణం మీదికి తెస్తుంది. నాకు భయం వేసేది ఇక్కడే. పడవలు కొనడానికి టెండర్లు పిలుస్తాం, ప్రారంభోత్సవాలు చేస్తాం, ఫొటోలు దిగుతాం. బల్బు పిసకడం ఎవరికొచ్చని మాత్రం అడగం.

మర్నాడు పొద్దున ఆ ఇంజన్ రెండో లాగుకే అందుకుంది. కొత్త పైపు, కొత్త బల్బు, కడిగిన కార్బొరేటర్, తాజా పెట్రోలు. అంతకుమించి ఏమీ మార్చలేదు. తీసుకెళ్లడానికి వచ్చిన సొసైటీ వాళ్లకు ఆయన బిల్లుతో పాటు ఒక అట్టముక్క ఇచ్చాడు, గుజరాతీలో స్కెచ్‌పెన్నుతో రాసింది. మా బావ చదివి వినిపించాడు. పెట్రోలు పోసిన తారీఖు ట్యాంకు మీద రాయాలి, నెల దాటితే పడవకు వాడకూడదు. పదిహేను రోజులకోసారి డ్రమ్ములో పెట్టి పది నిమిషాలు నడపాలి. సీజన్ అయిపోయాక పైపు పీకి, ఇంజన్ తనంతట తాను ఆగేదాకా నడిపి తొట్టి ఖాళీ చేయాలి, అడుగు స్క్రూ విప్పి మిగిలిన చుక్కలు కూడా తీయాలి, ట్యాంకు ఆరబెట్టాలి. కింద ఒక గీత గీసి 'బాధ్యుడి పేరు' అని ఖాళీ వదిలాడు.

మీ ఊరి పంచాయతీకో, కాలనీ సంఘానికో మోటారు పడవ ఉంటే వానలు మొదలవకముందే ఒకసారి వెళ్లి దాని ట్యాంకు మూత తీయించండి. వార్నిష్ వాసన వస్తే ఆ పెట్రోలు తీయించి, ఇంజన్‌ను డ్రమ్ములో పెట్టించి మీ కళ్లముందు నడిపించమనండి. అలాంటి అట్టముక్క ఒకటి రాసి, ఆ ఖాళీ గీత మీద ఒక మనిషి పేరు రాయించి గోడకు అంటించండి.